గంజి నుండి సెలైను దాకా: పోషణలో పిండిపదార్థాల పాత్ర

1943వ సంవత్సరంలో కలకత్తా వీధులలో ఒక కేక ఇంటింటి ముందు వినిపించేది: "ఫ్యాన్ దావ్, మా!" గంజి పోయండి తల్లీ, అని దాని అర్థం. పల్లెల నుండి కాలినడకన నగరం చేరిన అన్నార్తులు అన్నం అడగలేదు. అడిగినా దొరకదని వారికి తెలుసు. అన్నం వార్చి పారబోసే గంజి దొరికితే అదే చాలుననుకొన్నారు. ఆ బెంగాలు కరువులో 15 లక్షలమంది మరణించినట్లు 1945లో విచారణ సంఘం తేల్చినది; తరువాతి పరిశోధకులలో కొందరు 30 లక్షల దాకా అంచనా వేసినారు.

ఇరవై ఎనిమిదేళ్ళ తరువాత, 1971లో, అదే కలకత్తా నుండి వెళ్ళిన వైద్యులు సరిహద్దు పట్టణమైన బన్‌గావ్‌లో కలరాతో పడి ఉన్న శరణార్థులకు గ్లూకోజు, ఉప్పు, తినేసోడా కలిపిన నీటిని త్రాగించినారు. మరణం అంచుకు చేరిన వేలమంది లేచి కూర్చున్నారు.

గంజిలో ఉన్నదీ, ఆ నీటిలో కలిపినదీ ఒకే కుటుంబానికి చెందిన పదార్థాలు. వాటినే పిండిపదార్థాలని, కార్బోహైడ్రేటులని అంటారు. నిత్యమూ కంచంలో కనిపించడం వలన ఇవి కడుపు నింపడానికే పనికివస్తాయన్న చులకనభావం కొందరిలోనూ, ఇవే రోగాలన్నింటికీ మూలమన్న భయం మరికొందరిలోనూ ఉన్నది. రెండును సరికావు. పిండిపదార్థం శరీరానికి మూల ఇంధనం. అయితే అది ఒంటరిగా పనిచేసేది కాదు. దానికి తోడుగా ఏమి చేరినది, అది ఎంత మోతాదులో చేరినది అన్నదానిని బట్టి దాని మేలు నిర్ణయమవుతుంది. ఈ పాఠాన్ని తెలుసుకొనడానికి కలకత్తా నగరచరిత్ర ఎంతో ఉపకరిస్తుంది. 2001లో ఈ నగరం పేరు అధికారికంగా కోల్‌కతాగా మారినది.

పిండిపదార్థాలు అంటే ఏమిటి?

ఆకుపచ్చని మొక్కలు సూర్యరశ్మి సహాయంతో గాలిలోని బొగ్గుపులుసు వాయువును, నేలలోని నీటిని కలిపి చక్కెరను తయారుచేసుకొంటాయి. కర్బనం, ఉదజని, ఆమ్లజని అనే మూడు మూలకాలు ఇందులో ఉంటాయి. సాధారణంగా ఉదజని, ఆమ్లజని నీటిలో ఉన్న పాళ్ళలోనే, అంటే రెండింటికి ఒకటి చొప్పున ఉండడం వలన, కర్బనానికి నీరు చేరినది అనే అర్థంలో వీటికి కార్బోహైడ్రేటులన్న పేరు వచ్చినది.

నిర్మాణాన్ని బట్టి వీటిని మూడు తరగతులుగా విభజించవచ్చు. గ్లూకోజు, పండ్లలోని ఫ్రక్టోజు, పాలలో భాగమైన గెలాక్టోజు ఏకాకి చక్కెరలు. ఇటువంటివి రెండేసి జతకూడితే జంట చక్కెరలు ఏర్పడతాయి. గ్లూకోజు, ఫ్రక్టోజు కలిసినది చెరకు చక్కెర. గ్లూకోజు, గెలాక్టోజు కలిసినది పాలచక్కెర. గ్లూకోజులు రెండు కలిసినది మొలకెత్తిన ధాన్యంలో కనిపించే మాల్టోజు. వందలు, వేల గ్లూకోజు అణువులు పూసల దండవలె కూర్చబడితే పిండి తయారవుతుంది. బియ్యం, గోధుమలు, జొన్నలు, రాగులు, దుంపలు మొక్కలు దాచుకొన్న పిండికి నిలయాలు.

పీచు కూడా గ్లూకోజు గొలుసే. కాని ఆ గొలుసులోని లంకెలను తెంచే జీర్ణరసం మానవుని కడుపులో లేదు. ఆవు గడ్డితో బ్రతుకుతుంది. ఆ పని దాని పొట్టలోని సూక్ష్మజీవులు చేసిపెడతాయి.

బెంగాలీల మురి తెలుగువారి మరమరాలే. వారి చిఁడే మన అటుకులు. వారి ఖోయ్ మన పేలాలు. రాత్రి అన్నంలో నీరు పోసి ఉదయం తినే పాంతా భాత్ మన చద్దన్నానికి తోబుట్టువు. హుగ్లీ ఒడ్డునైనా గోదావరి ఒడ్డునైనా సామాన్యుని శక్తికి ఆధారం ఒకే గింజ. నూరు గ్రాముల బియ్యంలో సుమారు 78 గ్రాముల పిండిపదార్థం, 7 నుండి 8 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. వాటినుండి ఇంచుమించు 350 కాలరీల శక్తి లభిస్తుంది.

మెతుకు శక్తిగా మారే విధం

అన్నాన్ని బాగా నమిలితే కొంతసేపటికి తియ్యగా తోస్తుంది. లాలాజలంలోని ఒక జీర్ణరసం పిండి గొలుసులను అప్పుడే తెంచడం ప్రారంభించినదన్నమాట. ఈ పనిలో పెద్దభాగం చిన్నప్రేవులలో క్లోమరసం వలన జరుగుతుంది. చివరకు ప్రేవుల లోపలి పొర మీద ఉన్న జీర్ణరసాలు జంట చక్కెరలను కూడా విడగొట్టి, ఏకాకి చక్కెరలను రక్తంలోనికి పంపుతాయి.

రక్తంలో చేరిన గ్లూకోజు జీవకణాలకు ఇంధనం. ఒక గ్రాము పిండిపదార్థం 4 కాలరీల శక్తినిస్తుంది. మాంసకృత్తులు కూడా గ్రాముకు నాలుగే ఇస్తాయి. క్రొవ్వు 9 ఇస్తుంది. ఈ శక్తిని కణాలు నేరుగా వాడుకొనలేవు. ముందు దానిని ఏటీపీ అనే చిన్న అణువులలో నింపుకొని, పని పడినప్పుడు ఖర్చు చేస్తాయి. ఒక గ్లూకోజు అణువు సంపూర్ణంగా దహనమైతే సుమారు 30 ఏటీపీ అణువులు లభిస్తాయి. ఈ ఏటీపీని కండరాలలో 1929లో కనుగొన్నవారిలో తెలుగువాడు ఉన్నాడు. భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, అమెరికాలోని హార్వర్డు వైద్యవిద్యాలయంలో సైరస్ ఫిస్కేతో కలిసి దీనిని వేరుచేసినాడు. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా అదే సంవత్సరం దీనిని స్వతంత్రంగా కనుగొన్నాడు.

వెంటనే అక్కరలేని గ్లూకోజును శరీరం గ్లైకోజెన్ రూపంలో దాచుకొంటుంది. కాలేయంలో సుమారు 100 గ్రాములు, కండరాలలో సుమారు 400 గ్రాములు నిలువ ఉంటుంది. అంతకు మించినది క్రొవ్వుగా మారుతుంది. మెదడు ఒక్కటే రోజుకు 120 గ్రాముల గ్లూకోజును ఖర్చు చేస్తుంది. పెద్దవారికి రోజుకు కనీసం 130 గ్రాముల పిండిపదార్థం అవసరమని పోషణశాస్త్రజ్ఞులు నిర్ణయించడానికి ఇదియే ఆధారం.

తిండి కరువైనప్పుడు

భోజనం ఆగిపోతే కాలేయంలోని నిలువ ఒక దినంలో దాదాపు హరించుకొనిపోతుంది. కాని మెదడు ఆగదు. అప్పుడు శరీరం తన కండరాలను తానే కరిగించి, వాటిలోని మాంసకృత్తులనుండి గ్లూకోజు తయారుచేసుకొంటుంది. క్రొవ్వునుండి పుట్టిన పదార్థాలతో కొంత సర్దుకొనడం మెదడు క్రమంగా నేర్చుకొన్నా, కండ కరగడం పూర్తిగా ఆగదు. కలకత్తా కాలిబాటలమీద 1943లో కనిపించిన ఎముకల గూళ్ళు ఈ దహనానికి సాక్ష్యాలు.

ఏమీ తిననివానికి రోజుకు 100 గ్రాముల గ్లూకోజు అందినా మాంసకృత్తుల నష్టం దాదాపు సగానికి తగ్గుతుంది. పిండిపదార్థం శక్తినివ్వడమే గాక, కండను కాపాడుతుందనడానికి ఇది నిదర్శనం. గంజి అడిగిన తల్లులకు ఈ శాస్త్రం తెలియదు. కాని గంజిలోని ఆ కొద్ది పిండి బిడ్డ ప్రాణాన్ని మరొక పూట నిలుపుతుందని వారికి అనుభవం చెప్పినది.

ఇందులో రెండవ పాఠం కూడా ఉన్నది. చాలాకాలం పస్తులున్న శరీరానికి ఒక్కసారిగా పిండిపదార్థాలను దండిగా అందిస్తే ప్రాణాపాయం కలుగవచ్చు. గ్లూకోజుతోపాటు రక్తంలోని భాస్వరం, పొటాషియం కణాలలోనికి హఠాత్తుగా చొరబడి, రక్తంలో వాటి నిలువ పడిపోయి గుండె లయ తప్పుతుంది. అందువలన ఆకలితో కృశించినవారికి కొద్దికొద్దిగా, లవణాలూ విటమినులూ చేర్చి ఆహారం పెంచవలెనని వైద్యశాస్త్రం నిర్దేశిస్తున్నది.

తవుడుతో పోయిన తోడు

గ్లూకోజు దహనం కావడానికి థయమిన్ అనే బి-1 విటమిను తప్పనిసరి. అది లేకపోతే పొయ్యిలో కట్టెలు పేర్చి నిప్పు పెట్టనట్లే. కట్టె ఉన్నది, మంట లేదు. నరాలు, గుండె దెబ్బతినే బెరిబెరి వ్యాధి ఆ లోపం వలన కలుగుతుంది. థయమిన్ బియ్యపు గింజ పైపొరలోను, మొలక భాగంలోను ఉంటుంది. మరలో తెల్లగా పాలిష్ పట్టినప్పుడు అది తవుడుతో వెళ్ళిపోతుంది. మిగిలినదానిలో కొంత బియ్యం కడిగిన నీటిలోను, వార్చిన గంజిలోను పోతుంది.

ఇరవయ్యవ శతాబ్దపు తొలి దశాబ్దాలలో మద్రాసు రాజధానిలో బెరిబెరి ముఖ్యంగా ఉత్తర సర్కారులలో, అనగా తెలుగు కోస్తా జిల్లాలలో కనిపించేది. అక్కడి వారు పాలిష్ పట్టిన పచ్చిబియ్యం తినేవారు. బెంగాలులో ఎక్కువమంది తినేది ఉప్పుడు బియ్యం. వడ్లను నానబెట్టి, ఉడికించి, ఎండబెట్టి దంచడం వలన పైపొరలోని థయమిన్ గింజ లోపలికి ఇంకి, మరలో పట్టినా చాలావరకు నిలుస్తుంది. ఇరుప్రాంతాలవారిదీ వరి అన్నమే. తేడా అంతా వడ్లను సిద్ధంచేసే పద్ధతిలో ఉన్నది. ఈ వ్యాధిపై పరిశోధనకు రాబర్ట్ మెక్‌కారిసన్ 1918లో కూనూరులో నెలకొల్పిన చిన్న ప్రయోగశాలయే పెరిగి, 1958లో హైదరాబాదుకు తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయినది.

కలకత్తా ఇచ్చిన గొప్ప పాఠం

కలరాకు బెంగాలు చిరకాలపు నెలవు. రాబర్ట్ కాఖ్ 1884లో కలరా క్రిమిని గుర్తించడం ముగించినది కలకత్తాలోనే. క్రిమి తెలిసినా, అది మనిషిని ఎట్లా చంపుతున్నదో చాలాకాలం తెలియలేదు. కలకత్తా శాస్త్రజ్ఞుడు శంభునాథ్ దే 1959లో దానిని తేల్చినాడు. క్రిమి విడుదలచేసే విషం ప్రేవులను చీల్చదు, పుండు చేయదు. వాటినుండి నీటిని, లవణాలను బయటకు తోడివేస్తుంది. తీవ్రమైన కలరాలో గంటకు ఒక లీటరు వరకు నీరు పోవచ్చు. రోగి మరణించేది నీరు, ఉప్పు తరిగిపోవడం చేతనే.

అట్లయితే నీరు, ఉప్పు త్రాగిస్తే సరిపోదా? సరిపోదు. కలరా పట్టిన ప్రేవు ఉత్త ఉప్పునీటిని పీల్చుకొనలేదు. ఇక్కడనే గ్లూకోజు అవసరం వచ్చినది. ప్రేవుల గోడలోని కణాలలో ఒక ద్వారపాలకుని వంటి మాంసకృత్తు ఉన్నది. అది గ్లూకోజు అణువును, సోడియంను కలిపి మాత్రమే లోపలికి చేరుస్తుంది. వాటి వెంట నీరు వెళుతుంది. ఈ జంటప్రయాణాన్ని 1960లో రాబర్ట్ క్రేన్ అనే జీవరసాయన శాస్త్రజ్ఞుడు సిద్ధాంతీకరించినాడు. కలరా విషం ప్రేవులనుండి నీటిని వెళ్ళగొట్టగలదు గాని, ఈ ద్వారాన్ని మాత్రం మూయలేదు.

శాస్త్రం కారణం చెప్పకముందే, 1953లో కలకత్తా వైద్యుడు హేమేంద్రనాథ్ చటర్జీ గ్లూకోజు, ఉప్పు కలిపిన నీటితో 186 మంది స్వల్ప కలరా రోగులకు చికిత్స చేసి, ఆ ఫలితాలను లాన్సెట్ పత్రికలో ప్రకటించినాడు. అప్పటి వైద్యలోకం దానిని అంతగా పట్టించుకొనలేదు. 1968లో ఢాకాలో డేవిడ్ నాలిన్, రిచర్డ్ క్యాష్ తీవ్రమైన కలరాలోనూ ఈ పద్ధతి పనిచేస్తుందని జాగ్రత్తగా కొలిచి చూపినారు. అయినా అవి ఆసుపత్రిలో నిపుణుల కనుసన్నలలో జరిగిన ప్రయోగాలు.

1971లో తూర్పు బెంగాలునుండి సుమారు కోటిమంది శరణార్థులు భారతదేశంలోనికి వచ్చినారు. వర్షాకాలంలో శిబిరాలలో కలరా చెలరేగినది. బన్‌గావ్ ఆసుపత్రిలో మంచాలు చాలక రోగులు నేలమీదనే పడి ఉన్నారు. నరాలకు ఎక్కించే సెలైను సీసాలు అడుగంటినాయి. ఎక్కించడం తెలిసినవారు కూడా కొద్దిమందే. అప్పుడు కలకత్తాలోని జాన్స్ హాప్కిన్స్ పరిశోధనకేంద్రానికి చెందిన వైద్యుడు దిలీప్ మహలనబీస్ ఒక నిర్ణయం తీసుకొన్నాడు. లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోజు, 3.5 గ్రాముల ఉప్పు, 2.5 గ్రాముల తినేసోడా. కలకత్తాలో ఈ పాళ్ళలో పొడిని తూచి, ప్లాస్టిక్ సంచులలో పోసి, వేడి ఇస్త్రీపెట్టెతో అంచులు అతికించి శిబిరానికి చేర్చినారు. అక్కడ పీపాలలో నీటితో కలిపి, రోగుల తల్లులకు, అన్నదమ్ములకు లోటాలందించి త్రాగించమన్నారు.

నిపుణుల పర్యవేక్షణ లేకుండా, బంధువుల చేతులమీదుగా ఇటువంటి చికిత్స జరగవచ్చునా అన్న సందేహం ఆ రోజులలో బలంగా ఉండేది. దానికి అంకెలే జవాబు చెప్పినవి. ఎనిమిది వారాలలో సుమారు 3,700 మందికి చికిత్స జరిగినది. అంతకుముందు నూటికి 30 వరకు ఉన్న మరణాలు 3.6కు దిగినవి. ప్రపంచ ఆరోగ్యసంస్థ వైద్యుడు ధీమాన్ బారువా శిబిరానికి వచ్చి ఈ పనిని కళ్ళారా చూచి, దీనిని లోకమంతటా ప్రచారం చేయించినాడు. 1978లో లాన్సెట్ పత్రిక ఈ చక్కెర, ఉప్పుల జంటప్రయాణాన్ని కనుగొనడం ఆ శతాబ్దపు వైద్యపురోగతిలో అతి ముఖ్యమైనది కావచ్చునని అభిప్రాయపడినది. బంగ్లాదేశ్‌లో బ్రాక్ అనే స్వచ్ఛందసంస్థ 1980-90 మధ్య కోటి ఇరవై లక్షల ఇండ్లకు వెళ్ళి, పిడికెడు బెల్లం, చిటికెడు ఉప్పుతో ఈ నీటిని కలపడం తల్లులకు నేర్పినది. మహలనబీస్ 2022 అక్టోబరు 16న కోల్‌కతాలో కన్నుమూసినాడు. మరుసటి సంవత్సరం మరణానంతరం ఆయనకు పద్మవిభూషణ్ ప్రకటించినారు.

ఈ చికిత్సలో చక్కెర శక్తి కోసం చేర్చినది కాదన్నది గమనింపదగినది. ఇక్కడ అది ఉప్పుకు, నీటికి దారి చూపే పని చేస్తున్నది. అయితే మోతాదు మించరాదు. చక్కెర ఎక్కువైతే ఆ చిక్కని ద్రవం శరీరంలోని నీటినే ప్రేవులలోనికి లాగి, విరేచనాలను పెంచుతుంది. అందుచేతనే 2002లో ప్రపంచ ఆరోగ్యసంస్థ లీటరుకు గ్లూకోజును 13.5 గ్రాములకు, ఉప్పును 2.6 గ్రాములకు తగ్గించినది. బియ్యపు పిండితో చేసిన ద్రావణం కూడా కలరాలో బాగా పనిచేస్తుంది. పిండి నెమ్మదిగా గ్లూకోజుగా విడిపోవడం వలన ద్రవం చిక్కబడదు. వంటింటి గంజికి తగిన ఉప్పు తోడైతే అది చికిత్సకు ఇంత దగ్గరగా వస్తుంది.

తీపికి హద్దు

పిండిపదార్థాల మరొక ముఖాన్ని కూడా ఈ నగరం చూపుతున్నది. బాగ్‌బజారులో నబీన్‌చంద్ర దాస్ 1868లో రసగుల్లా తయారుచేసినాడని ప్రసిద్ధి. పాలను విరుగగొట్టి, తేటనీటిని వడకట్టగా మిగిలిన ఛానాతో దానిని చేస్తారు. పాలచక్కెరలో చాలాభాగం ఆ తేటనీటిలో పోతుంది. పెద్దయిన తరువాత పాలచక్కెరను జీర్ణించుకొనలేనివారు మన దేశంలో చాలామంది ఉన్నారు. పాలు త్రాగితే పొట్ట ఉబ్బేవారికి ఛానా, పెరుగు సాధారణంగా ఇబ్బంది కలిగించవు. కాని వడకట్టిన పాలచక్కెరకు బదులు చెరకు చక్కెర పాకం ఉండలలోనికి ఇంకుతుంది. బెంగాలు రసగుల్లాకు భౌగోళిక గుర్తింపు లభించిన తేదీ 2017 నవంబరు 14. అది ప్రపంచ మధుమేహ దినం కూడా కావడం విశేషం.

మనదేశంలో 10 కోట్లకు మించి మధుమేహ రోగులున్నట్లు 2023లో ప్రకటించిన భారతీయ వైద్య పరిశోధన మండలి సర్వే తెలిపినది. శరీరశ్రమ తగ్గి, పాలిష్ బియ్యం, మైదా, చక్కెర పెరిగినప్పుడు గ్లూకోజు రక్తంలో వేగంగా చేరుతుంది. దానిని కణాలకు చేర్చే ఇన్సులిన్ అలసిపోతుంది. ఇక్కడ లోపించిన తోడు పీచు, కండరాల పని. పీచు గ్లూకోజు ప్రవేశాన్ని నెమ్మదింపజేస్తుంది. ఉడికి చల్లారిన అన్నంలో పిండి కొంత గట్టిపడి, పీచువలె జీర్ణం కాకుండా పెద్దప్రేవుకు చేరుతుంది. చద్దన్నానికి, పాంతా భాత్‌కు ఈ గుణం ఉన్నది. పెద్దవారికి రోజుకు కనీసం 25 గ్రాముల పీచు ఉండవలెననీ, పిండిపదార్థాలను ముఖ్యంగా ముడిధాన్యాలు, పప్పులు, కూరగాయలు, పండ్లనుండి పొందవలెననీ 2023లో ప్రపంచ ఆరోగ్యసంస్థ సూచించినది. ఆహారంలో విడిగా చేర్చే చక్కెరనుండి వచ్చే శక్తి మొత్తంలో పదవ వంతుకు లోబడి ఉండవలెనని 2015లోనే చెప్పినది.

ప్రతి ఇంటా గుర్తుంచుకొనవలసినవి

బియ్యాన్ని అతిగా తెల్లబరచినవి కొనక, ముడిబియ్యం గాని ఉప్పుడు బియ్యం గాని వాడడం మేలు. బియ్యాన్ని పలుమార్లు కడగక, గంజి వార్చక వండితే విటమినులు నిలుస్తాయి. వార్చిన గంజిని పారబోయక చారులోనో పప్పులోనో కలుపుకొనవచ్చు. అన్నంతో పప్పు చేరితే ఒకదానిలో లోపించిన మాంసకృత్తుల భాగాన్ని మరొకటి పూరిస్తుంది. రాగులు, జొన్నలు వారంలో కొన్ని పూటలైనా కంచంలో ఉండవలె.

పిల్లలకు విరేచనాలు పట్టుకొంటే మందుల దుకాణంలోను, ఆరోగ్యకేంద్రంలోను లభించే ఓఆర్ఎస్ పొట్లాన్ని, దానిపై చెప్పిన కొలత ప్రకారం శుభ్రమైన నీటిలో కలిపి పట్టవలె. పొట్లం దొరకనప్పుడు కాచి చల్లార్చిన లీటరు నీటిలో ఆరు సమతల టీస్పూన్ల చక్కెర, అర సమతల టీస్పూను ఉప్పు కలపవచ్చు. ఈ కొలతలు తప్పరాదు. తల్లిపాలను, మామూలు ఆహారాన్ని మానిపించరాదు. 2004నుండి దీనికి తోడు జింకు కూడా ఇవ్వవలెనని ప్రపంచ ఆరోగ్యసంస్థ, యూనిసెఫ్ సూచిస్తున్నవి. బిడ్డ కళ్ళు గుంటలుపడి, మగతగా ఉండి, నీరు త్రాగలేకపోయినా, మలంలో రక్తం కనిపించినా ఆలస్యం చేయక వైద్యునివద్దకు తీసుకొనిపోవలె.

చక్కెర డబ్బా, ఉప్పు జాడీ ప్రతి ఇంటిలోను ప్రక్కప్రక్కనే ఉంటాయి. అవి కలిసి చేయగల మేలు 1943లో గంజి కోసం చేయిచాచిన వారికి తెలియదు. 1971లో బన్‌గావ్‌లో లోటాతో నీరు త్రాగించిన తల్లికి తెలిసినది. ఆ తెలివిని ప్రతి తల్లికీ చేర్చడం పోషణవిద్య చేయవలసిన మొదటి పని.